కాందిశీకుల ఇంట్లో కెమెరా ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: "హైదరాబాద్‌లో మాస్ కమ్యూనికేషన్ చదువుతున్నాను. బాలాపూర్ వైపు ఉంటున్న రోహింగ్యా కుటుంబాల మీద 20 నిమిషాల డాక్యుమెంటరీ తీయాలని ఉంది. జాతి నిర్మూలన నుంచి బయటపడి మళ్లీ బతుకు కట్టుకుంటున్న కుటుంబాల గురించి ఏ సినిమాలు చూడాలి? వాళ్ల చేత ఆ రోజు జరిగింది ఎలా చెప్పించాలి?"

మీ ప్రశ్నలో చివరి మాట దగ్గర ఆగిపోయాను. "చెప్పించాలి" అన్నారు. సినిమాల సంగతి తర్వాత చెబుతాను, ముందు ఈ మాట తేలాలి. నేను 22 ఏళ్లుగా ఈ ఊళ్లో డాక్యుమెంటరీలు ఎడిట్ చేస్తున్నాను. నాలుగు నేనే తీశాను. వాటిలో ఒకటి మీరు వెళ్లబోయే బస్తీల్లోనే తీశాను. ఆ రాత్రి ఏం జరిగిందని వాళ్లను అడగకండి. ఈ పొద్దున ఏం చేస్తున్నారో చూడండి. మీరు అడగకపోయినా ఆ రాత్రి ఈ పొద్దుటి పనిలోనే కనిపిస్తుంది.

ఇది నేను సినిమాల్లో నేర్చుకున్నది కాదు. మా అమ్మమ్మకు ఒక అక్క ఉండేది. మేమంతా ఆవిణ్ణి రంగం అమ్మమ్మ అనేవాళ్లం. రంగం అంటే రంగూన్ అని మీ ఇంట్లో పెద్దవాళ్లకు తెలిసే ఉంటుంది. కోస్తా జిల్లాల నుంచి ఎంతమంది రంగం వెళ్లారో, అక్కడ తెలుగు కూలీలను కోరంగి రేవు పేరు మీద కోరంగీలు అని ఎలా పిలిచేవాళ్లో, 1930 మే నెలలో రంగూన్ రేవులో వాళ్ల మీద ఎలాంటి దాడులు జరిగాయో ఇప్పుడు మనం దాదాపు మర్చిపోయాం. జపాన్ వాళ్లు 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు వేశాక లక్షల మంది కాలినడకన బయలుదేరారు. మా రంగం అమ్మమ్మ 1942లో అలా నడిచి వచ్చింది. దారిలో ఏం చూసిందో ఒక్కరోజూ నోరు విప్పి చెప్పలేదు. కానీ రాత్రి తలగడ పక్కన నీళ్ల చెంబు లేకపోతే పడుకునేది కాదు. చెంబు నిండుగా ఉందో లేదో చీకట్లో వేలు ముంచి చూసుకునేది. పక్కనే కుండ నిండా నీళ్లున్నా సరే, చెంబు చెంబే. దారిలో దాహం సంగతి మాకు ఆ వేలు చెప్పింది.

అప్పుడు మనవాళ్లు నడిచిన దారుల్లో ఒకటి అరకాన్ మీదుగా చిట్టగాంగ్‌కు వచ్చేది. ఆ అరకానే ఇవాళ్టి రఖైన్ రాష్ట్రం. మీరు కలవబోయే కుటుంబాలు విడిచి వచ్చిన నేల అది. మనవాళ్లది యుద్ధం తరిమిన కష్టం, వీళ్లది సొంత దేశమే వద్దని తరిమిన కష్టం. రెండూ ఒకటని నేను అనను. కానీ బర్మా నుంచి నడిచి వచ్చిన వాళ్ల మనవలం మనలో చాలామంది ఉన్నామని గుర్తుపెట్టుకుని ఆ గుమ్మంలో అడుగుపెడితే మీ గొంతు మారుతుంది.

మాటల గురించి కూడా ఒక మాట. జెనోసైడ్‌కు మన పత్రికలు నరమేధం అని రాస్తాయి. నాకు ఆ మాట నచ్చదు. అశ్వమేధంలో ఉన్న మేధమే అందులోనూ ఉంది, చంపడాన్ని యజ్ఞం చేసినట్టు వినిపిస్తుంది. జాతి నిర్మూలన అనండి, అర్థం సూటిగా ఉంటుంది. శరణార్థికి మన పాత పత్రికల్లో కాందిశీకుడు అనే మాట ఉండేది. "కాం దిశం", అంటే ఏ దిక్కుకు అన్న ప్రశ్న నుంచి పుట్టిన మాట అది. శరణార్థి అంటే చెయ్యి చాచినవాడు. కాందిశీకుడు అంటే ఎటు పోవాలో తెలియక నిలబడ్డవాడు. మీ సినిమాలో మనిషి ఏ మాటకు సరిపోతాడో చూసుకుని సబ్‌టైటిల్ రాసుకోండి.

ఇప్పుడు మీ విషయానికి వస్తాను. వెళ్లే ముందు చరిత్ర సరిగ్గా తెలుసుకోండి. బర్మా (ఇప్పటి మయన్మార్) 1982లో తెచ్చిన పౌరసత్వ చట్టం, ఆ ప్రభుత్వం గుర్తించిన 135 జాతుల జాబితా రోహింగ్యాలను బయట పెట్టేశాయి. 2012లో రఖైన్‌లో హింస జరిగింది. 2017 ఆగస్టు 25 తర్వాత సైన్యం చేసిన దాడులతో 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ వైపు పారిపోయారు. దీన్ని జాతి నిర్మూలనగా పరిగణించాలంటూ గాంబియా 2019 నవంబరులో అంతర్జాతీయ న్యాయస్థానంలో కేసు వేసింది. 2020 జనవరి 23న ఆ కోర్టు రోహింగ్యాలకు రక్షణ కల్పించాలని మయన్మార్‌ను ఆదేశించింది. 2022 మార్చిలో అమెరికా ప్రభుత్వం దీన్ని జాతి నిర్మూలన అని ప్రకటించింది. చాలామంది విద్యార్థులు ఇక్కడే పొరబడతారు. హైదరాబాద్‌లో ఉన్న కుటుంబాల్లో చాలామంది 2017 కన్నా ముందే, 2012 హింస చుట్టుపక్కల వచ్చినవాళ్లు. అందరి నెత్తినా 2017 అంటించి టైటిల్ కార్డు వేస్తే, సినిమా మొదటి నిమిషంలోనే వాళ్ల జీవితం తప్పుగా చెప్పినట్టవుతుంది. ఏ సంవత్సరం బయలుదేరారు, ఎన్ని చోట్ల ఆగారు, ఇక్కడికి ఎవరు ముందు వచ్చారు, ఇవి అడగండి. ఇవి అడగదగ్గ ప్రశ్నలే. రైలు ప్రయాణం గురించి అడిగినంత తేలిగ్గా జవాబు చెబుతారు.

చట్టం విషయం మీ సినిమా మొత్తాన్ని నడిపిస్తుంది. 1951 నాటి శరణార్థుల ఒప్పందంపై భారతదేశం సంతకం చేయలేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ ఇచ్చిన కార్డు వాళ్ల దగ్గర ఉన్నా, దానితో మన చట్టంలో శరణార్థి హోదా రాదు. జమ్మూలో పట్టుకున్న రోహింగ్యాలను వెనక్కి పంపకుండా ఆపమని వేసిన కేసులో సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్ 8న ఆపడానికి ఒప్పుకోలేదు, చట్టప్రకారం పద్ధతి పాటించాలని మాత్రం చెప్పింది. కాబట్టి మీరు చూపించే ప్రతి ముఖం, ప్రతి గోడ, ప్రతి బోర్డు ఒకరి భద్రతకు సంబంధించినది.

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. నా సినిమాలో ఒక షాట్ ఉండేది. సాయంత్రం వెలుతురులో సందు మొత్తం, చివర మసీదు మినార్, పక్కన కిరాణా కొట్టు బోర్డు. అందమైన షాట్, ఎడిటింగ్‌లో వదులుకోలేకపోయాను. ముఖాలన్నీ దాచాను కానీ చోటు దాచలేదు. సినిమా వేశాక ఎవరో ఆ ముక్క కత్తిరించి, తమ మాటలు జోడించి వాట్సాప్‌లో తిప్పారు. వారంలోపు స్థలం యజమాని వచ్చి ఖాళీ చేయమన్నాడు. ఆ ఇంటావిడ నాకు ఫోన్ చేసి తిట్టలేదు. "బేటీ, వో గల్లీ వాలా ఫోటో నికాల్ దో" (ఆ సందు ఫోటో తీసేయమ్మా) అంది, అంతే. అప్పటికి తీసేయడానికి ఏం మిగల్లేదు. వాళ్లు అక్కడి నుంచి మూడు కిలోమీటర్ల అవతలకి మారారు. పిల్లలకు బడి మారింది. ఆ షాట్ ఎందుకు పెట్టానని ఇప్పటికీ అడుగుతారు నన్ను. బాగుందని పెట్టాను, ఇంకే కారణం లేదు.

అందుకే ముఖం దాచడం గురించి మీకు గట్టిగా చెబుతున్నాను. బ్లర్ వేస్తే సరిపోదు. బ్లర్ వేసిన మనిషి తెర మీద నేరస్తుడిలా కనిపిస్తాడు, అది ఇంకో అన్యాయం. చేతులు తీయండి, వీపు తీయండి, నీడ తీయండి, మాట వినిపించండి. అవసరమైతే గొంతు కూడా వేరే వాళ్లతో చెప్పించండి. 2021లో వచ్చిన "ఫ్లీ" చూడండి. అఫ్గానిస్తాన్ నుంచి పారిపోయిన ఒక మనిషి కథ. అతని పేరు మార్చి, బొమ్మలు గీసి, సినిమా దాదాపు మొత్తం యానిమేషన్‌లో చెప్పారు. ఆస్కార్‌లో డాక్యుమెంటరీ, యానిమేషన్, అంతర్జాతీయ చిత్రం, మూడు విభాగాల్లోనూ నామినేషన్ వచ్చింది. అది జాతి నిర్మూలన కథ కాదు గానీ, మనిషిని దాచి కూడా దగ్గరగా చూపించవచ్చని దాన్ని చూస్తే ధైర్యం వస్తుంది.

మీరు తప్పకుండా చూడాల్సినవి దర్శకుడు రితీ పాన్ సినిమాలు. కంబోడియాలో 1975 నుంచి 1979 వరకు సాగిన ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టుల పాలనలో ఆయన కుటుంబాన్ని పోగొట్టుకున్నాడు. థాయ్‌లాండ్ శిబిరం మీదుగా ఫ్రాన్స్ చేరాడు. 1989లో "సైట్ 2" తీశాడు, థాయ్ సరిహద్దులో లక్షకు పైగా జనం ఉన్న శిబిరంలో ఒక కంబోడియా కుటుంబం గురించి. ఒక తల్లి మాట్లాడుతూ ఉంటుంది, కెమెరా ఆవిడ రోజువారీ బతుకు పక్కన నిలబడుతుంది. తర్వాత 2013లో "ది మిస్సింగ్ పిక్చర్" తీశాడు. తన చిన్ననాటి ఊరు, అమ్మానాన్నలు, ఆకలి, చావు, అన్నీ మట్టితో చేసిన చిన్న చిన్న బొమ్మలతో. ఆ పాలన మిగిల్చిన ఫిల్ములు ప్రచారానికి తీసినవి. తన కుటుంబం ఉన్న ఫోటో ఒక్కటీ లేదు. లేని ఫోటోను మట్టితో చేసుకున్నాడు. సంక్రాంతికి, దసరాకు బొమ్మల కొలువు పెట్టిన ఇళ్లలో పెరిగిన వాళ్లకు ఆ సినిమా ఇంకోలా తగులుతుంది. నేను మొదటిసారి చూసినప్పుడు బొమ్మల్లో ఎవరూ కదలడం లేదని నాకు గుర్తే రాలేదు.

తర్వాత "న్యూ ఇయర్ బేబీ". 2006 నాటిది. తీసినామె సోచెటా పోవ్, థాయ్ శరణార్థి శిబిరంలో పుట్టి అమెరికాలో పెరిగింది. పెద్దయ్యాక ఒక క్రిస్మస్ రోజున తల్లిదండ్రులు కూర్చోబెట్టి చెబుతారు, నీ అక్కలు నీ సొంత అక్కలు కారు, అన్న తండ్రి వేరు అని. ఖ్మేర్ రూజ్ కాలం తర్వాత మిగిలినవాళ్లను కలుపుకుని కట్టుకున్న కుటుంబం అది. మీరు బస్తీలో కూడా ఇలాంటివి చూస్తారు. ఒక ఇంట్లో ముగ్గురు పిల్లలు ఉంటే ముగ్గురికీ అదే తల్లి అనుకోకండి, లెక్క అడగకండి. వాళ్లు "మా అన్న" అంటే అన్నే. పెద్దమ్మ కూతురినీ అక్కా అని పిలిచే మనకు ఇది కొత్త కాదు.

నదియా మురాద్ మీద 2018లో వచ్చిన "ఆన్ హర్ షోల్డర్స్" కూడా చూడండి. ఇరాక్‌లో యాజిదీలనే మైనారిటీ మతస్తుల మీద ఐసిస్ ఉగ్రవాదులు చేసిన జాతి నిర్మూలన నుంచి బయటపడి, అదే ఏడాది నోబెల్ శాంతి బహుమతి అందుకున్నామె. ఆ సినిమాలో ఆవిడ మీద జరిగినదాని కన్నా, ప్రతి ఊళ్లో ప్రతి మైకు ముందు అదే మళ్లీ చెప్పాల్సి రావడం ఎక్కువ కనిపిస్తుంది. మీరు "చెప్పించడం" గురించి అడిగారు కదా, ఇదే దానికి జవాబు. అలాగే నాజీలు యూదుల మీద చేసిన జాతి నిర్మూలన గురించి తీసిన 1985 నాటి "షోవా". తొమ్మిది గంటలకు పైగా ఉంటుంది, పాత ఫుటేజీ ఒక్క ముక్క లేదు. అందులో ట్రెబ్లింకా శిబిరంలో గ్యాస్ గదిలోకి వెళ్లే ఆడవాళ్ల జుట్టు కత్తిరించాల్సి వచ్చిన మంగలి ఒకాయన ఉంటాడు. దర్శకుడు లాంజ్‌మన్ ఆయన్ను అద్దెకు తీసుకున్న సెలూన్‌లో నిలబెట్టి, జుట్టు కత్తిరిస్తుండగా అడుగుతాడు. ఆయన ఆగిపోతాడు, వద్దంటాడు. దర్శకుడు చెప్పక తప్పదంటాడు. సినిమా చరిత్రలో గొప్ప సన్నివేశం అని చాలామంది అంటారు. నేను ఎన్నిసార్లు చూసినా అక్కడ కెమెరా ఆపి ఉండాల్సిందనే అనుకుంటాను. ఆయన చేతిలో కత్తెర ఆడుతున్నంతసేపూ మనకు అన్నీ తెలుస్తూనే ఉన్నాయి.

ఒప్పుకోలు గురించి చెప్పకుండా వదలలేను. యాజిదీ మహిళల మీద 2021లో వచ్చిన "సబాయా"కు పెద్ద అవార్డులు వచ్చాయి. అదే ఏడాది పత్రికలు వెళ్లి అడిగితే, అందులో కనిపించిన కొందరు ఆ సినిమాలో ఉండటానికి తాము సరిగ్గా ఒప్పుకోలేదని చెప్పారు. మీ కాలేజీ ఇచ్చే ఇంగ్లిష్ ఫారం మీద వేలిముద్ర వేయించుకుని ఒప్పుకున్నారు అనుకోకండి. రోహింగ్యా భాషకు హనీఫీ లిపి ఉన్నా అది చదవగలిగేవాళ్లు తక్కువ. మీరు తీయబోయేది ఏమిటి, ఎవరు చూస్తారు, యూట్యూబ్‌లో పెడతారా లేదా, వాళ్ల మాటలో నోటితో చెప్పండి, వాళ్ల జవాబు రికార్డు చేయండి. షూటింగ్ ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి, రఫ్ కట్ (మొదటి కూర్పు) చూపించాక ఒకసారి అడగండి. మూడోసారి వద్దంటే తీసేయండి. 20 నిమిషాల సినిమా 14 నిమిషాలు అవుతుంది, అవ్వనీయండి.

దుబాసీగా పిల్లల్ని పెట్టుకోకండి. ఇది చాలా మంది చేసే తప్పు. ఎందుకంటే పిల్లలకు హైదరాబాదీ ఉర్దూ తన్నుకొస్తుంది, హుషారుగా ముందుకొస్తారు. పదేళ్ల పిల్ల తన తల్లి మీద జరిగిన హింసను తన నోటితో ఉర్దూలోకి మార్చి మీకు చెప్పాలి. ఆ పని ఏ పిల్లకూ పెట్టకూడదు. పెద్దవాళ్లలో ఒకరిని, ఆడవాళ్లతో మాట్లాడేటప్పుడు ఆడమనిషినే, రోజు కూలి ఇచ్చి పెట్టుకోండి. ఎడిటింగ్‌కు వచ్చాక ఇంకో మనిషితో మళ్లీ అనువాదం చేయించి రెండూ పోల్చి చూడండి. నాకొకసారి "ఇల్లు పోయింది" అని మొదటి అనువాదం వస్తే, రెండో అతను "ఇల్లు కాల్చారు" అని విన్నాడు. పోవడానికీ కాల్చడానికీ మధ్య ఉన్నదంతా వాళ్ల కథే.

డబ్బు గురించి నా లెక్క ఇది. కథకు డబ్బు ఇవ్వకూడదు, పోయిన కూలికి ఇవ్వాలి. మీకోసం ఒక పూట ఇంట్లో ఉండిపోతే ఆ పూట సంపాదన పోతుంది. ముందే చెప్పండి, అందరికీ సమానంగా ఇవ్వండి, కెమెరాలో ఏడిచినా ఏడవకపోయినా అంతే ఇవ్వండి.

మొదటి మూడు వారాలు కెమెరా తీసుకెళ్లకండి. ఫోన్ లొకేషన్ ఆఫ్ చేసుకోండి, స్టేటస్‌లో ఏదీ పెట్టకండి. ఊరికే కూర్చోండి. చాలా ఇళ్లలో చెత్త కాగితాలు, ప్లాస్టిక్ ఏరే పని ఉంటుంది. పొద్దున్నే సీసాలొక గోనెలో, మూతలొక గోనెలో పడుతుంటాయి. ఆ చప్పుడు రికార్డ్ చేయండి, అదే మీ సినిమాకు సంగీతం. టార్పాలిన్ గాలికి కొట్టుకుంటూ ఉంటుంది కాబట్టి కాలర్ మైకు తప్పనిసరి. ప్రతి గుడిసెలో ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఖాళీ శబ్దం తీసుకోండి, లేకపోతే ఎడిటింగ్‌లో ఏడుస్తారు. బియ్యప్పిండి రొట్టెలు ఎలా వత్తుతున్నారో చూడండి. బుగ్గలకు పూసుకునే చెట్టుబెరడు గంధం సానమీద ఎలా అరగదీస్తున్నారో చూడండి. ఎండుచేపల వాసన మనకు కొత్త కాదు కదా, పెడితే తినండి.

నా సినిమాలో ఉంచుకున్నందుకు నేను సంతోషపడే షాట్ ఒకటుంది. ఒకావిడ పాతికసార్లు బేరం చేసి ఒక స్టీలు బిందె కొంది. మన స్టీలు సామాన్ల కొట్లలో పేరు చెక్కుతారు కదా, కరెంటు సూదితో. ఆవిడ పేరు చెప్పింది. కొట్టతనికి ఉర్దూ రాయడం రాదు, తెలుగులో రాయనా అన్నాడు. రాయమంది. పక్కన కూతురు నిలబడి ఉంది. ఇక్కడి బడుల్లో తెలుగు తప్పనిసరి కాబట్టి ఆ పిల్లకు అక్షరాలు వచ్చు. సూది బుర్రున తిరుగుతుంటే పిల్ల ఒక్కొక్క అక్షరం పైకి చదివింది. రెండో అక్షరానికి దీర్ఘం మర్చిపోయాడని పట్టుకుంది. అతను నవ్వి దిద్దాడు. ఆవిడకు ఆ అక్షరాలు చదవడం రాదు. బిందె వెలుతురు వైపు తిప్పి, చెక్కిన చోట బొటనవేలితో రుద్ది రుద్ది చూసుకుంది. ఊళ్లో ఇల్లు, పొలం, కాగితాలు అన్నీ పోయిన మనిషికి, తన పేరు ఉన్న వస్తువు ఇంట్లో అదొక్కటే అని తర్వాత తెలిసింది. నేను అడగలేదు, తనే చెప్పింది.

అక్కడ పేరు తెర మీద కనబడకూడదు. ఎడిటింగ్‌లో రెండు రోజులు కొట్టుకున్నాను. చివరికి సూది, మొదటి గీత, స్టీలు పొట్టు, పిల్ల గొంతు, దీర్ఘం దిద్దిన చోట ఆ బొటనవేలు ఉంచి, పేరు ఉన్న ఫ్రేములన్నీ తీసేశాను. పిల్ల చదివిన అక్షరాల్లో ఒక్కటే వినిపిస్తుంది.

మీ సినిమా అయ్యాక ముందు ఆ ఇంట్లోనే, లాప్‌టాప్‌లో వేసి చూపించండి. ఆ తర్వాతే కాలేజీలో గానీ, బంజారాహిల్స్‌లో లామకాన్ లాంటి చోట గానీ. చూస్తున్నప్పుడు తెర వైపు కాకుండా వాళ్ల వైపు చూస్తూ కూర్చోండి. ఎక్కడ చూపు తిప్పుకున్నారో ఆ టైమ్‌కోడ్ రాసుకోండి. రఫ్ కట్ అయ్యాక నాకు పంపండి, సబ్‌టైటిల్స్ నేను చూసి పెడతాను. సందు షాట్ ఏదైనా ఉంటే అది మాత్రం ముందే తీసేసి పంపండి.